పాత జిప్సీ, పాత జీపు: సరిహద్దు జిల్లాల్లో వాటికి పలికే ధర, తిరిగి అమ్మితే వచ్చే ధర

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లోని మన తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటే పెట్టిన డబ్బు నిలుస్తుందా, నాలుగేళ్ల తరువాత అమ్మబోతే కొనేవాళ్లు దొరుకుతారా అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సరిహద్దులో ఇటువంటి బండికి ధర కట్టవలసింది మొదట కాగితాలను చూసి, ఆ తరువాతే ఇంజనును చూసి. కాగితాలు సరిగా లేని బండి ఎంత మెరుస్తున్నా దానికి పాత ఇనుము ధరకు మించి ఇవ్వకూడదు.

ఇప్పుడు మీరు తెరమీద చూస్తున్నది 1298 సీసీ ఇంజను ఉన్న మారుతి జిప్సీ. 1985 డిసెంబరులో 970 సీసీ ఇంజనుతో మొదలైన ఈ మోడల్‌కు 1996లో ఈ పెద్ద ఇంజను, 2000లో ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండరుకూ విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చాయి. సామాన్య కొనుగోలుదారులకు అమ్మకాలు 2019 నాటికి ఆగిపోయాయి. కొత్తవి రానప్పుడు పాతవాటికి గిరాకీ పెరగడం సహజమే గానీ, జిప్సీ విషయంలో మరో బలమైన కారణం ఉంది. పోలీసు, అటవీ శాఖల వంటివి వాడి వదిలేసిన జిప్సీలు ఒకప్పుడు వేలంలో అమ్ముడై, కొత్త రంగు వేసుకుని బయటి సంతకు వచ్చేవి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను ఇక పొడిగించరాదని కేంద్రం 2023 జనవరిలో ఉత్తర్వు ఇచ్చి, ఏప్రిల్ 1 నుంచి అమలులో పెట్టడంతో ఆ బండ్లు ఇప్పుడు తుక్కు కేంద్రాలకు వెళ్లిపోతున్నాయి. సైన్యం అమ్మే బండ్లు మాత్రం ఇప్పటికీ వేలానికి వస్తూనే ఉన్నాయి. మొత్తం మీద ప్రభుత్వ బండ్ల రాక తగ్గినందువల్ల మొదటి నుంచీ ప్రైవేటు యజమానుల పేరుమీదే ఉన్న జిప్సీ ధర రాబోయే కొన్నేళ్లలో తగ్గే సూచనలు నాకు కనిపించడం లేదు.

కెమెరాను కొంచెం కిందికి దించుతాను, చూడండి. ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఇది. తీగ బ్రష్‌తో మట్టి గీకి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో ముద్ర పడాలి. ఒక్క అంకె లోతు తేడాగా కనిపించినా, చుట్టూ వెల్డింగ్ గీత కనిపించినా అక్కడితో బేరం మానుకోండి. తరువాత కాళ్లు పెట్టే చోట మ్యాటు ఎత్తి రేకును, ముందు అద్దం ఫ్రేము అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖణేల్మంటుంది, లోపల తుప్పు తిన్న రేకు చప్పగా పలుకుతుంది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండ్లలో, కొరాపుట్ కొండల్లో వానాకాలమంతా ఎర్రమట్టిలో నానిన బండ్లలో ఇది సర్వసాధారణం. దసరా దాటాక చూస్తే నీరు కారే చోట్లన్నీ వాటంతటవే తెలిసిపోతాయి. అమ్మేవాళ్లు వేసవిలోనే ఎందుకు తొందరపడతారో ఇక నేను చెప్పనక్కరలేదు.

ఇక కాగితాల సంగతి. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి ఆంధ్రా నంబరుతో వచ్చిన బండి తక్కువ ధరకు దొరుకుతోందంటే ఆ తక్కువలో రెండు ఖర్చులు దాగి ఉంటాయి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. దానికి పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ పన్ను మళ్లీ కట్టాలి. పైగా పదిహేనేళ్ల తరువాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ ఫీజు కార్లకు, జీపులకు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మాత్రమే పెట్టించుకుని, పేరు మార్చకుండా చేతులు మారుతూ వచ్చిన బండ్లు మన వైపు చాలా ఉన్నాయి. మొదటి యజమాని కాలం చేసి ఉంటే అటువంటి బండిని మీ పేరు మీదికి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇక జీపుల సంగతి. మహీంద్రా ఎంఎం540 జీపు అభిమానులు నొచ్చుకోకూడదు. అందులోని 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను మొండిది, మన ఘాట్‌లో నెమ్మదిగానైనా ఎక్కేస్తుంది. అయితే ఫ్యాక్టరీ రూపంలో మిగిలినవి అరుదు. వెడల్పు టైర్లు, వేరే ఇంజను, కోసి పొడిగించిన ఛాసిస్ ఉన్నవే ఎక్కువ. వీటిలో చాలావాటికి హర్యానాలోని మండీ డబ్‌వాలీ వంటి చోట్ల ఈ హంగులు అమరుస్తారు. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా మార్చిన బండి రిజిస్ట్రేషన్‌కు అర్హం కాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ హంగులమీద పెట్టిన ప్రతి రూపాయి తిరిగి అమ్మేటప్పుడు నష్టం కిందే లెక్క. నన్నడిగితే రంగు వెలిసిపోయినా మార్పులు లేని జీపుకే ఎక్కువ ఇవ్వాలి. ఎందుకంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండి, అసలు రూపం చెడని బండికి 2021 నిబంధనల కింద 20,000 రూపాయల ఫీజుతో వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు లభిస్తుంది. పాత సీజే3బీ జీపులకు ఇప్పుడు ఆ అవకాశం ఉంది. ఆ నంబరుతో రోజువారీ పనులకు తిప్పకూడదు కనుక ఎరువుల బస్తాలు మోయడానికి జీపు కావాలనుకునేవారికి అది పనికిరాదు.

2010లో వచ్చిన మొదటి మహీంద్రా థార్ సీఆర్డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజను ఉన్నది) అమ్ముకోవడం సులువే, లాభం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2020 అక్టోబరులో వచ్చిన రెండో తరం థార్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది కనుక మొదటి దాని ధర దాన్ని మించి ఎక్కదు. ఒకప్పుడు సైన్యం వాడిన జోంగా జీపు విషయానికొస్తే, 3956 సీసీ పెట్రోలు ఇంజనును మేపగలిగిన వాళ్లు మూడు జిల్లాలు వెతికినా కొద్దిమందే ఉంటారు. ఇష్టంతో కొనుక్కోండి, అమ్మకం కోసం కొనకండి.

పాత బండ్ల మీద బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు కాబట్టి మీ దగ్గర కొనేవారు కూడా నగదుతోనే రావాలి. కనుక ధర చెప్పేటప్పుడు కొత్త బండి ధరతో కాకుండా, ఎదుటివాడు ఒక్కసారిగా తేగల మొత్తంతో పోల్చుకోండి. కొనేటప్పుడైతే బయానా ఇచ్చేలోపు రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్ గడువు, ఫైనాన్స్ బాకీ వివరాలు చూసుకోండి. ఫైనాన్స్ తీరిపోయిందని అమ్మేవారు నోటితో చెబితే చాలదు, ఫారం 35 చూపించమనండి.