సూర చేపని కాపాడాలంటే ముందు ఎర చేపని చూడాలి

అందరికీ నమస్కారం.

మత్స్యశాస్త్రం చదువుతున్న మీతో ఈరోజు లక్షద్వీప్ గురించి మాట్లాడాలనుకుంటున్నాను. అక్కడి ట్యూనా, అంటే మన సూర చేప వేట గురించి మీరు చదివే ఉంటారు. ఆ వేటని నడిపించేది మాత్రం వేలెడంత కూడా ఉండని ఒక ఎర చేప. దానికి మార్కెట్లో ధర లేదు, దాని మీద ఎవరికీ పెద్దగా దృష్టి లేదు. ఆ దృష్టి మీకు కలగాలని వచ్చాను.

లక్షద్వీప్‌లో 36 దీవులు ఉన్నాయి. జనం ఉండేది పదింటిలోనే. నేల మొత్తం కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మన మండలాల్లో చాలావాటి కంటే చిన్నది. 2011 లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు మనుషులు ఆ కాస్త చోటులో బతుకుతున్నారు. కొబ్బరి తప్ప చెప్పుకోదగ్గ పంట లేదు. కానీ దీవుల చుట్టూ పగడపు దిబ్బలు కోటగోడలా నిలిచిన లోపల, నిశ్చలంగా ఉండే లగూన్ల విస్తీర్ణం సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు. వాళ్ల ఆస్తి అంతా అక్కడుంది.

ఇక వేట ఎలా సాగుతుందో చూడండి. బోటు ముందు లగూన్‌లోకే వెళుతుంది. సన్నకన్ను వలతో ఎర చేపల్ని పట్టి, బోటు అడుగున ఉన్న తొట్టిలో ప్రాణంతో ఉంచుతారు. ఆ తొట్టికి చిల్లులుంటాయి, సముద్రపు నీరు వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు దిబ్బ దాటి బయటికి వెళ్లి, పక్షులు గుమిగూడిన చోటు కోసం వెతుకుతారు. అక్కడ స్కిప్‌జాక్ అనే ట్యూనా మంద ఉంటుంది, మన తీరంలో దాన్నే నామాల సూర అంటారు. ఒకరు ఎర చేపల్ని గుప్పెళ్లతో విసురుతుంటే, ఇంకోవైపు నీటి మీద జల్లు కొడతారు. పైన చిన్న చేపలు గంతులేస్తున్నాయనుకుని సూరలు ఆవురావురుమంటూ వచ్చి పడతాయి. వెనక వరుసగా నిలబడ్డ వాళ్లు గడలు ఎత్తుతారు. కొక్కేనికి ముల్లు ఉండదు కాబట్టి చేప గాల్లోకి లేచి తనంతట తనే ఊడి బోటులో పడుతుంది. కొక్కెం వెంటనే మళ్లీ నీళ్లలోకి. మంద చెదిరిపోయేదాకా ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

ఒక్కొక్క చేపగా పట్టే ఈ పద్ధతిలో తాబేలు, సొరచేప, డాల్ఫిన్ చిక్కడం చాలా అరుదు. పసుపు రెక్క సూర పిల్లలు కొన్ని పడతాయి, అది దాచాల్సిన విషయం కాదు. అయినా పడమటి హిందూ మహాసముద్రంలో తేలే తెప్పలు వదిలి, వాటి కింద చేరిన మంద మొత్తాన్ని చుట్టేసే భారీ నౌకలతో దీన్ని పోల్చలేం. స్కిప్‌జాక్ కూడా ఈ వేటకి అనువైన చేప. త్వరగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది. నైరుతి రుతుపవనాల్లో సముద్రం బోట్లని బయటికే రానివ్వదు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చట్టంతో ఆపాల్సిన వేటని అక్కడ గాలీ వానా ఆపేస్తాయి.

లక్షద్వీప్‌లోని మినీకాయ్ దీవి వాళ్లకి ఈ విద్య మాల్దీవులతో పాటు తరతరాలుగా ఉంది. 1960ల్లో మోటారు బోట్లు వచ్చాక మిగతా దీవులకీ పాకింది. 1969లో మినీకాయ్‌లో ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ పెట్టారు. అంతకు ఎంతో ముందు నుంచే ఆడవాళ్లు సూర ముక్కల్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్ తయారు చేస్తున్నారు. ఐసు అక్కర్లేకుండా నెలల తరబడి నిలవ ఉండే సరుకు అది.

ఇంత బాగున్నప్పుడు భయం దేనికి? ఎర చేపలు తగ్గితే బోటు కదలదు కాబట్టి. ఆ చేపల్లో కొన్ని జాతులు కొమ్మల పగడాల మధ్య తలదాచుకుంటాయి. 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. 2024లో మళ్లీ అదే జరిగింది. అగత్తి, కడమత్, కవరత్తి దిబ్బల్ని 1998 నుంచి రెండు దశాబ్దాలకు పైగా గమనించిన శాస్త్రవేత్తలు, బతికున్న పగడం సుమారు 37 శాతం నుంచి 20 శాతం లోపుకి పడిపోయిందని తేల్చారు. ఈ వేడికి కారణం ఆ 64 వేల మంది కాదు. నష్టం మాత్రం వాళ్లది.

దీని మీద ఇంకో ఒత్తిడి. సూర గిట్టుబాటు కానప్పుడు, ఎగుమతి వ్యాపారి పగడపు దిబ్బల్లో ఉండే గ్రూపర్ చేపకి మంచి రేటు ఇస్తానన్నప్పుడు, బోటు దిబ్బ వైపు తిరుగుతుంది. గ్రూపర్ సూర లాంటిది కాదు. నిదానంగా ఎదుగుతుంది, గుడ్లు పెట్టడానికి ఏటా ఒకే చోటికి చేరుతుంది. బిత్రా దీవి దగ్గర అలాంటి పెద్ద గుంపు ఒకటి బయటపడింది. వేట మొదలయ్యాక కొన్నేళ్లలోనే అది బాగా పలచబడింది. దిబ్బ చేపలు పోతే దిబ్బ కోలుకోవడం కష్టం, దిబ్బ పోతే ఎరకి కష్టం. మినీకాయ్, కడమత్, సుహేలీ లగూన్లలో నీటి మీద విల్లాలు కట్టే ప్రతిపాదనలు చూసినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంటుంది. సుహేలీలో జనం ఉండరు కదా అంటారు. సీజన్లో ఇతర దీవుల నుంచి వేటకి వచ్చి మకాం వేసేది అక్కడే.

దీవులకి సాయం అనగానే పెద్ద బోటు, పెద్ద వల అనే ఆలోచనే ముందు వస్తుంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. పట్టిన సూరకి ధర రావాలి, అంటే ఐసు కావాలి, శుభ్రంగా కోసే చోటు కావాలి, నమ్మకంగా కొనేవాడు కావాలి. మాల్దీవుల గడ గాలం స్కిప్‌జాక్‌కి 2012లో, సముద్రాన్ని ఖాళీ చేయకుండా పట్టిన చేపకి ఇచ్చే అంతర్జాతీయ ఎంఎస్‌సీ (మెరైన్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్) గుర్తింపు వచ్చింది. అదే పద్ధతిలో పట్టే మన దీవుల చేపని మామూలు సరుకులో కలిపేయడం అన్యాయం.

లెక్కలు కూడా కావాలి. దక్షిణ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు కొన్నేళ్లుగా అక్కడి జాలర్లతోనే లాగ్‌బుక్కులు రాయిస్తున్నారు. ఏ రోజు ఎక్కడ ఎంత ఎర పట్టారు, ఎంత సూర దొరికింది అన్నది వేటకి వెళ్లినవాళ్లే రాసుకుంటారు. ఫలానా నెలల్లో లగూన్‌లో ఫలానా చోట ఎర పట్టకూడదని తీర్మానించాల్సి వస్తే, మినీకాయ్‌లో ప్రతి ఊరికీ పెద్దగా ఉండే బోడుకాకా ముందు ఆ పుస్తకం పెట్టొచ్చు. వాళ్ల చేతిరాతతో ఉన్న లెక్కని కాదనడం కష్టం. మనం గీసిన గ్రాఫు అంత పని చేయదు.

మీలో కొందరు రేపు మత్స్యశాఖలో సబ్సిడీ ఫైళ్లు చూస్తారు. లక్షద్వీప్ బోటు ఫైలు మీ టేబుల్ మీదకి వస్తే, ఇంజిన్ హార్స్‌పవర్ కంటే ముందు ఎర తొట్టి గురించి అడగండి. లగూన్‌లో ఎక్కించిన ఎరలో మంద దగ్గరికి చేరేసరికి ఎంత బతికి ఉంటోంది, ఆ తొట్టిలో నీరు ఎలా తిరుగుతోంది, చచ్చి వృథా అయ్యేది ఎంత అని అడగండి. ఇక్కడ పరిశోధనలో చేరబోయేవాళ్లకి కూడా అది మంచి ప్రాజెక్టు. తొట్టి డిజైన్ మీద పనిచేయాలని ఎవరికైనా ఉంటే, ప్రసంగం తర్వాత ఇక్కడే ఉంటాను, వచ్చి మాట్లాడండి.