పౌడర్ రుద్దకండి, అద్దండి: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ రోజు ఫేస్ పౌడర్ గురించి మీ సందేహాలు తీర్చడానికి మేకప్ ఆర్టిస్ట్ మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ లైన్‌లో ఉంది. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నాది జిడ్డు చర్మం. పొద్దున ఫౌండేషన్ మీద పౌడర్ బాగానే వేస్తాను. మధ్యాహ్నానికల్లా ముక్కు పక్కన, గడ్డం మీద చారలు కట్టేస్తోంది. పైగా బూడిద పూసుకున్నట్టు ఉందంటున్నారు. ఆఫీసులో అద్దం చూసుకోవాలంటేనే టెన్షన్.

నిపుణురాలు: టెన్షన్ పడకమ్మా. అవి రెండూ వేరు వేరు సమస్యలు. ముందు చారల సంగతి చూద్దాం. సన్‌స్క్రీన్ రాశాక ఎంతసేపటికి ఫౌండేషన్ వేస్తావు?

కాలర్: వెంటనే మేడమ్. టైమ్ ఉండదు.

నిపుణురాలు: అక్కడే వస్తోంది తేడా. కింద తడి ఆరకముందే పౌడర్ పడితే, తడి ఉన్నచోట ఎక్కువగా పట్టుకుని ముద్ద కడుతుంది. కాసేపటికి నూనె ఊరితే ఆ ముద్దే జారి చార అవుతుంది. సన్‌స్క్రీన్ ఇంకడానికి ఓ ఐదు నిమిషాలు ఆగు, ఆ లోపు తల దువ్వుకో. ఫౌండేషన్ అయ్యాక టిష్యూ ఒక పొర ముఖం మీద పరిచి అరచేత్తో మెల్లగా అదుము. పైకి తేలిన జిడ్డంతా దానికి వచ్చేస్తుంది. పౌడర్ ఆ తర్వాతే. పఫ్ దగ్గరుందా?

కాలర్: చేతిలోనే ఉంది మేడమ్.

నిపుణురాలు: పౌడర్‌లో ఒక్కసారి అద్దు. పఫ్‌ని సగానికి మడిచి, ఆ రెండు సగాలనీ ఒకదానితో ఒకటి రుద్దు. పొడి పఫ్ లోపలికి దిగాలి, పైన దుమ్ములా నిలబడకూడదు. ఇప్పుడు చేతి వెనక తట్టి చూడు. తెల్ల మచ్చ పడిందా?

కాలర్: కొంచెం పడింది.

నిపుణురాలు: అయితే ఇంకా ఎక్కువే ఉంది. దులిపేసి మళ్ళీ తట్టు.

కాలర్: ఇప్పుడేమీ కనబడట్లేదు. కానీ ముట్టుకుంటే నున్నగా ఉంది మేడమ్!

నిపుణురాలు: ముఖానికి కావలసింది అంతే. ముక్కు పక్కన, నుదుటి మధ్యలో, గడ్డం మీద పఫ్‌ని అదిమి, కాస్త దొర్లించి ఎత్తు. పక్కకి లాగావంటే కింద ఫౌండేషన్ కూడా లేచి వచ్చేస్తుంది. బుగ్గలకి పఫ్‌లో మిగిలింది చాలు. మధ్యాహ్నం మళ్ళీ మెరిస్తే ముందు టిష్యూతో అద్దు, జిడ్డు మీద కొత్త పౌడర్ వేయకు.

ఇక బూడిద సంగతి. డబ్బా మీద ట్రాన్స్‌లూసెంట్, అంటే రంగు కనబడనిది, అని రాసి ఉన్నా, లోపల పొడి తెల్లగా ఉంటే చామనఛాయ మీద చాలాసార్లు ఆ బూడిద రంగు తేలుతుంది. నీ ఫౌండేషన్‌కి దగ్గరగా, కాస్త పసుపు గానీ పీచ్ గానీ కలిసిన షేడ్ తీసుకో. దవడ మీద వేసుకుని పగటి వెలుతురులో చూసుకో. తెల్లగా కనబడాలని తమ రంగు కంటే ఒక షేడ్ లేతది కొనే అమ్మాయిలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సొంత ఛాయలో ఉన్న నిగారింపునే ఆ పొడి కప్పేస్తుంది.

యాంకర్: రెండో కాల్. నమస్తే అండీ.

కాలర్: నమస్తే అమ్మా. నాకు యాభై దాటాయి. పౌడర్ వేస్తే కళ్ళ కింద గీతలు ఇంకా ఎక్కువ కనిపిస్తున్నాయి. వీడియోలో చూసి, కళ్ళ కింద దట్టంగా వేసి పది నిమిషాలు వదిలేస్తున్నాను.

నిపుణురాలు: దాన్ని బేకింగ్ అంటారండీ. పొడి చర్మానికి అది పనికిరాదు, మానేయండి. పైకి చూస్తూ, గీతలో చేరిన కన్సీలర్‌ని, అంటే నలుపు కప్పడానికి రాసే క్రీమ్‌ని, ఉంగరం వేలితో మెల్లగా తట్టి సర్దండి. వెంటనే, అది మళ్ళీ గీతలోకి చేరకముందే, చిన్న బ్రష్‌తో చిటికెడులో చిటికెడు పౌడర్ అద్దండి. బుగ్గలు పొడిబారి ఉంటే అక్కడ పౌడర్ అసలే వద్దు.

కాలర్: మరి బుగ్గలకి రంగు వేసుకోవచ్చా?

నిపుణురాలు: హాయిగా వేసుకోండి. క్రీమ్ బ్లష్ అయితే పౌడర్ కంటే ముందు, పొడి బ్లష్ అయితే తర్వాత. పొడి మీద క్రీమ్ రాస్తే అతుకులు అతుకులుగా అవుతుంది.

యాంకర్: చివరి కాల్.

కాలర్: మేడమ్, అద్దంలో బాగానే ఉంటున్నాను. ఫ్లాష్ ఫొటోల్లో మాత్రం కళ్ళ కింద తెల్లగా వెలిగిపోతోంది.

నిపుణురాలు: పౌడర్‌లో సిలికా అనే ఖనిజ పొడి ఎక్కువుంటే అలా అవుతుందమ్మా. కంటికి కనబడదు గానీ ఫ్లాష్ వెలుగుని తిరగ్గొడుతుంది. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్‌తోనూ వస్తుంది. బయల్దేరే ముందు కాస్త చీకటిగా ఉన్న గదిలో ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసుకో. తెల్లగా వస్తే పెద్ద మెత్తటి బ్రష్‌తో పైపైన దులిపి, మళ్ళీ ఒకటి తీసి చూసుకో.