క్లాస్ 50 డీజిల్ ఇంజన్: సెవర్న్ వ్యాలీలో ఏం చూడాలి, ఏం వినాలి

(దృశ్యం: కిడ్డర్‌మిన్‌స్టర్ డీజిల్ షెడ్, పొద్దున)

బర్మింగ్‌హామ్ దగ్గరి కిడ్డర్‌మిన్‌స్టర్ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా 16 మైళ్లు, అంటే దాదాపు 26 కిలోమీటర్లు. ఇదే సెవర్న్ వ్యాలీ రైల్వే. పేరంతా స్టీమ్ ఇంజన్లదే, మనం వచ్చింది మాత్రం క్లాస్ 50 కోసం.

ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ వాళ్లు 1967-68లో చేసినవి 50, మిగిలినవి 18. 16 సిలిండర్లు, 2700 హార్స్‌పవర్. ఒకప్పుడు మన కాజీపేట, గుత్తి షెడ్లలో ఉన్న డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌కీ 16 సిలిండర్లే, పవర్ 2600. కాకపోతే ఆల్కో కంపెనీ డిజైన్ అయిన దానికున్న ఎనిమిది నాచ్‌లు, అంటే పవర్ పెంచే మెట్లు, క్లాస్ 50కి లేవు. హ్యాండిల్ జరిపే కొద్దీ మోత మెట్లుమెట్లుగా కాక సాఫీగా పెరుగుతుంది.

(క్లోజప్: సిలిండర్ల పక్కన టెస్ట్ కాక్‌లు)

చూడాల్సింది స్టార్టింగే. వారాల తరబడి ఆగిన ఇంజన్‌ని నేరుగా స్టార్ట్ చేయరు. సిలిండర్లకుండే చిన్న కుళాయిల్లాంటి టెస్ట్ కాక్‌లు తెరిచి, క్రాంక్‌షాఫ్ట్‌ని చేత్తో మెల్లగా తిప్పుతారు. ఏ కాక్ నుంచైనా నీళ్లు చిమ్మితే ఆ రోజుకి అంతే సంగతులు: సిలిండర్ లోపలి గొట్టమైన లైనరో, పైమూత అయిన హెడ్డో లీకవుతోందన్నమాట. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి, చూడకుండా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

అంతా బాగుంటే ముందు ప్రైమింగ్ పంపుతో బేరింగులకు ఆయిల్ పంపిస్తారు. తర్వాత బ్యాటరీ కరెంటు మెయిన్ జనరేటర్‌కి ఇస్తారు. అది కాసేపు మోటారుగా మారి ఇంజన్‌ని తిప్పుతుంది. బ్యాటరీలు నీరసంగా ఉంటే ఇక్కడే ఆగిపోతుంది.

(దృశ్యం: పొగ గొట్టం)

మొదట వచ్చే తెల్ల పొగ చల్లని సిలిండర్లలో కాలని డీజిల్. వేడెక్కాక కూడా తగ్గక, కూలింగ్ నీళ్ల మట్టం పడిపోతుంటే, ఆ నీళ్లు సిలిండర్లలోకి లీకవుతున్నాయేమోనని అనుమానించాలి. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. బండి కదిలేటప్పుడు గుప్పున వచ్చే నల్ల పొగకి కంగారొద్దు, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో ఇంకా అందుకోలేదంతే.

(దృశ్యం: నడుస్తున్న బండి)

గంటకు 160 కిలోమీటర్ల వేగానికి చేసిన ఇంజన్ ఇక్కడ గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు దాటదు. పూర్తి పవర్ అవసరం పడేది అరుదు. తేలిక లోడు మీద నడిచీ నడిచీ ఎగ్జాస్ట్‌లో ఆయిల్, మసి పేరుకుంటాయి. అందుకే మోత వినాలంటే స్టేషన్ నుంచి కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు. ఒకప్పుడు దీనికి 'హూవర్' (వ్యాక్యూమ్ క్లీనర్) అని పేరు తెచ్చిన, గాలి ఫిల్టర్ల ఫ్యాన్ల రొద మాత్రం దొరకదు. 1979-83 మధ్య డాంకాస్టర్‌లో రిపేర్లు చేసినప్పుడే ఆ ఫిల్టర్లు పీకేశారు.

ఇంజన్ వెనక మొదటి పెట్టెలో కూర్చోండి, కిటికీలోంచి తల బయట పెట్టొద్దు. బ్రిడ్జ్‌నార్త్‌లో ఇంజన్ విడిపోయి పక్క లైన్ మీదుగా రెండో కొసకు వస్తుంది. తిరుగు ప్రయాణంలో మీరూ ఆ కొసకే మారండి.