అమ్మ గిన్నెలో నూనె

శీను: నమస్కారమండీ. అరుగు మీద చోటుంది, సర్దుకుని కూర్చోండి. ఈ వారం బయోడీజిల్. వాడేసిన వంటనూనెతో ఇంజను నడిచే ఇంధనం ఎలా చేస్తారో...

సుజాత: కానుగ చెట్టు ఊసెత్తనని ఒట్టేశావు. గుర్తుందిగా?

శీను: ఎత్తింది నువ్వే. వినేవాళ్ళు లెక్క రాసుకోండి, మొదటిసారి అక్కే.

సుజాత: సరే, కానీ. సైకిలు ఎపిసోడ్‌లాగా సాగదియ్యకు.

శీను: దాని సంగతి వద్దు. తయారీ చెప్పేస్తా, నిమిషంలో అయిపోద్ది. నూనె వడగట్టి, తడి లేకుండా కాచాలి. 100 లీటర్ల నూనెకి 20 లీటర్ల దాకా మిథనాల్ అనే స్పిరిట్. అందులో కాస్టిక్ సోడా ముందే కరిగించి ఉంచుకోవాలి. రెండూ కలిపి 60 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పాలి. వేడి 65కి చేరిందా, మిథనాల్ ఆవిరైపోద్ది. తర్వాత కదపకుండా వదిలేస్తే పైన బయోడీజిల్ తేలుతుంది, అడుగున గ్లిజరిన్ దిగుతుంది. పైది తీసి నీళ్ళతో కడిగి, ఆ తడి పోగొట్టాలి. అంతే.

సుజాత: అంతేనా? మరి మొన్న నీ పెరట్లో అయ్యిందేంటి?

శీను: అది... సబ్బయింది.

సుజాత: (నవ్వు) చెప్పు, చెప్పు.

శీను: కొత్త నూనెకైతే లీటరుకి మూడున్నర గ్రాముల కాస్టిక్ సోడా. వాడిన నూనెలో ఆమ్లం పెరుగుతుంది, సోడా ఇంకాస్త పడుతుంది. ఎంతన్నది ముందు చిన్న పరీక్ష చేసి తేల్చుకోవాలి. నేను చెయ్యలేదు. చిటికెడు ఎక్కువేశా.

సుజాత: కూరలో ఉప్పనుకున్నావా?

శీను: పైగా నూనెలో తడి ఉంది. పొద్దున చూస్తే సీసా తలకిందులు చేసినా జారలేదు, గట్టి పెరుగులా. అన్నట్టు ఎవరూ ఇంట్లో చెయ్యకండి. కల్తీ సారా తాగి చూపు పోయిందని పేపర్లో చదువుతామే, ఆ విషం ఈ మిథనాలే. అంటుకుంటే పగటిపూట మంట కూడా సరిగ్గా కనపడదు.

సుజాత: ఇంతకీ ఆ లీటరు నూనె ఎక్కడిది?

శీను: ఎక్కడిదైతే ఏంటి?

సుజాత: అమ్మ స్టీలు గిన్నెలోది!

శీను: అరిసెల నూనె అక్కా. నల్లగా ఉంది. దాన్ని ఇంకేం చేస్తారు?

సుజాత: ఏం చేస్తారా? అరిసెల తర్వాత అప్పడాలు, తర్వాత పోపులు, మిగిలితే తలుపు బందులకి. మనింట్లో నూనె పారబొయ్యడం ఎప్పుడైనా చూశావా?

శీను: అదే తప్పంటున్నా. కాచిన కొద్దీ నూనె పాడై, పోలార్ కాంపౌండ్లనే చెడు పదార్థాలు పెరుగుతాయి. 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018లో రూలొచ్చింది. అలాంటి నూనె పోగుచేసి బయోడీజిల్ వాళ్ళకి ఇమ్మని, తిండి నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అదే ఏడు పథకం కూడా పెట్టింది.

సుజాత: అమ్మ దగ్గర మీటరుందా?

శీను: లేదు కాబట్టే...

సుజాత: అమ్మ వాసన చూస్తుంది. ఒకసారి కాచింది దేనికి పనికొస్తుందో, మూడోసారిది దేనికో ఆవిడకి తెలుసు.

శీను: ముక్కుతో పోలార్ కాంపౌండ్లు తెలియవక్కా! అరవై దాటిన మనిషి, గుండెకి మందులు వేసుకుంటూ...

సుజాత: గుండె మధ్యలోకి తేకు. నూనె పొయ్యి ఎక్కిస్తే ఎంత ఖర్చవుతుందో నీకు తెలీదు, నాకు తెలుసు. కర్రీ పాయింటు నడిపేది నేను.

శీను: అయితే నువ్వే చెప్పు. నీ షాపులో వాడిన నూనె ఎటెళుతుంది?

సుజాత: ...

శీను: అక్కా?

సుజాత: చెబుతా. మొదట్లో ఒకతను వచ్చాడు, బయోడీజిల్‌కి పంపిస్తాం, గురువారం గురువారం వచ్చి పట్టుకెళతాం అన్నాడు. రెండు గురువారాలు వచ్చాడు. తర్వాత ఫోనెత్తలేదు. పదిహేను కిలోల డబ్బా నిండిపోయి, మూత మీద ఈగలు. అప్పుడు ఇంకొకతను టీవీఎస్ మీద వచ్చి, ముందతను ఇచ్చినదానికంటే ఎక్కువిస్తానన్నాడు. ఏం చేస్తావయ్యా అంటే "బజ్జీల బండుందండీ" అన్నాడు. మొహమాటం కూడా లేదు.

శీను: ఇచ్చావా?

సుజాత: లేదు. పిల్లలు తింటారు కదా అక్కడ. రాత్రి షట్టరు దించాక కాలవలో పోశా. నాలుగో రోజుకి మా వరసంతా పొంగింది. మున్సిపాలిటీ కుర్రాడు కర్రపెట్టి పొడుస్తుంటే తెల్లటి గడ్డలు వచ్చాయి. నేను కాఫీ ఇచ్చా గానీ నావేనని చెప్పలేదు.

శీను: నాకెప్పుడూ చెప్పలేదేం?

సుజాత: నువ్వు ఎపిసోడ్ చేస్తావని.

శీను: (నవ్వు) అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కెమిస్ట్రీ పదో తరగతి పిల్లాడికి కూడా చెప్పొచ్చు. ప్లాంటు గేటు దాకా నూనె చేరడమే కష్టం. బజ్జీల బండి ప్లాంటుకంటే ఎక్కువిస్తుంది మరి. 2030కల్లా డీజిల్లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 పాలసీలో రాసుకున్నారు. అంతకుముందు అడవి ఆముదం, అదే జట్రోఫా, ఊళ్ళకి ఊళ్ళు నాటించారు. కాయే సరిగ్గా కాయలేదు. అదే కానుగైతే...

సుజాత: వచ్చాడండీ.

శీను: ఒక్క మాట! అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ ఆడవాళ్ళు కానుగ గింజలు గానుగాడించి నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోకుండా ఆగుతుందని లెక్కేసి, 2003లో ఆ ఆడవాళ్ళకి ప్రపంచ బ్యాంకు 645 డాలర్లిచ్చింది.

సుజాత: ఎన్నోసారి చెప్పడం ఇది?

శీను: పన్నెండు. నూనె తీశాక మిగిలే కానుగ చెక్క మళ్ళీ చేలోకే ఎరువు. పశువులు ఆకు పెద్దగా ముట్టవు, కాబట్టి కంచె అక్కర్లేదు. నాన్న రొట్ట కొట్టి మడిలో తొక్కించేవాడు కదా, గట్టు మీద చెట్టుది...

సుజాత: రోడ్డుకి పోయింది చూడు, అదా?

శీను: ఆ. కొట్టేసిన రోజు నాన్న భోజనానికి రాలేదు.

సుజాత: వచ్చాడు. ఆలస్యంగా వచ్చాడు. నువ్వప్పటికే పడుకున్నావు.

శీను: ఏమన్నాడు?

సుజాత: ఏమీ అన్లేదు. ఒక పుల్ల తెచ్చుకున్నాడు, పళ్ళు తోముకోడానికి. నాలుగు రోజులు గూట్లో ఉంది.

శీను: ...

సుజాత: ఒరేయ్, ఐదున్నరయింది. ఇంకా పులుసు పెట్టలేదు. ఆ మైకు తియ్యి, చీరకి చిక్కుకుంది.

శీను: గ్లిజరిన్ సంగతి చెప్పనే లేదక్కా.

సుజాత: తియ్యరా బాబూ, ముందు...