డబ్బా వెనక్కి తిప్పి చదవండి
(విశ్వకర్మ జయంతి రోజున తిరుపతిలో జరిగిన మెకానిక్‌ల సమావేశంలో ఒక సీనియర్ మెకానిక్ ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మేస్త్రీలకు, వెనక నిలబడిన పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, భోజనాలు ఒంటిగంటకే అన్నారు. నన్ను ‘మన వృత్తి, మన గౌరవం’ గురించి మాట్లాడమన్నారు. నేను ఆయిల్ గురించి మాట్లాడతాను. సంబంధం ఏమిటో మీకే తెలుస్తుంది.

నేను పని నేర్చుకున్నది చిత్తూరులో, ఒక లారీ షెడ్డులో. బెల్లం లోడు దించి వచ్చిన లారీ కిందకు దూరి డ్రైన్ బోల్టు విప్పితే, మోచేతి దాకా కారిన నల్లటి నూనె రెండు రోజులైనా వదిలేది కాదు. మా మేస్త్రీ దగ్గర ఒకటే బ్యారెల్ ఉండేది, 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్. ఆ అంకెలు నూనె చిక్కదనం చెప్పేవి, అంకె పెరిగితే నూనె చిక్కన. లారీకి అదే, ట్రాక్టరుకు అదే, ఎవరైనా మారుతీ 800 తెస్తే దానికీ అదే. “నూనె నూనేరా, ఏంగాదు పొయ్” అనేవాడు. నిజంగానే ఏమీ అయ్యేది కాదు. మేస్త్రీని నేను తప్పు పట్టను. అప్పటి పెట్రోల్ బండికి కార్బురేటర్, సైలెన్సర్ తప్ప ఏముంది? డీజిల్ ఆయిల్‌లో మసిని కడిగే మందు ఎక్కువ, అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. పాత ఇంజన్‌కు అది మేలే చేసింది.

ఆ మాటనే నేను ముప్పై ఏళ్లు పట్టుకుని కూర్చున్నాను. బండ్లు మారాయి, నేను మారలేదు.

చంద్రగిరి నుంచి రిటైరైన అయ్యవారు ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ కారు. నెలకోసారి భార్యను కూర్చోబెట్టుకుని కొండకు పోయేవారు. పిస్టన్ రింగులు అరిగి బండి ఆయిల్ తాగుతోంది, అంటే పెట్రోల్‌తో పాటు నూనె కూడా కాలిపోతోంది. ఇంజన్ విప్పితే ఖర్చు ఎక్కువవుతుందని, పోయేముందు డిప్‌స్టిక్ చూసి అర లీటరు లారీ ఆయిల్ పోసి పంపేవాణ్ణి. ఏం పోస్తున్నానో ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్లు అలాగే నడిచింది. ఒకరోజు ఘాట్ రోడ్డులో చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0420 అని వచ్చింది. అంటే సైలెన్సర్ దారిలో పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తన పని తాను చేయడం లేదని. కొత్తదాని రేటు చెప్పేసరికి ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, పెన్షన్ లెక్క వేసుకుంటూ కూర్చున్నారు. “ఎందుకు పోయింది నాయనా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తప్పంతా నూనెదే అనను, రింగులు అరిగిన బండి అది. కానీ ప్రతి నెలా పోసింది నేనే కదా?

ఆ రాత్రి మొదటిసారి డబ్బా వెనక్కి తిప్పి చదివాను. ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ గుండ్రటి గుర్తులో సీకే-4 అని ఉంది. సీ అంటే డీజిల్ ఇంజన్‌కు, ఎస్ అంటే పెట్రోల్ ఇంజన్‌కు. ఎస్‌ఎన్, ఎస్‌పీ అని ఉంటే పెట్రోల్‌ది. కొన్ని డబ్బాల మీద రెండూ ఉంటాయి. ఏది ముందు రాశారో చూడండి, ఆయిల్ ముఖ్యంగా తయారైంది దానికే.

తేడా ఎక్కడ? 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి ఎస్‌పీ ఆయిల్‌లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు. సీకే-4లో 0.12 దాకా ఉండొచ్చు. ఇంజన్ కాల్చేసిన నూనెలోని ఫాస్ఫరస్ కన్వర్టర్‌లోకి పోయి, లోపలి ప్లాటినం, పల్లాడియం పూతను కప్పేస్తుంది. సీసం చేసే పనీ ఇదే. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోల్ తెచ్చారంటే ఒక కారణం ఇదే. పెట్రోల్‌లోంచి తీసేసిన విషానికి తమ్ముణ్ణి మనం ఆయిల్‌లో పోస్తున్నాం.

ఇంకో సంగతి చిక్కదనం. 0డబ్ల్యూ-20 కోసం చేసిన ఇంజన్‌లో దారులు సన్నం. అందులో 15డబ్ల్యూ-40 పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే నూనె పైకి చేరడానికి ఆలస్యం, మైలేజీ తగ్గుతుంది. చిన్న టర్బో పెట్రోల్ బండ్లకైతే అసలు వద్దు. కాల్షియం ఎక్కువున్న నూనెతో వాటిలో పెట్రోల్ వేళకు ముందే అంటుకుంటుంది, పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. ఎస్‌పీలో దానికి ప్రత్యేకంగా పరీక్ష పెట్టారు.

బైకుల వాళ్లు గొణుగుతున్నారు, వినబడుతోంది. “మేం లారీ ఆయిలే పోస్తాం, క్లచ్ జారదు” అంటారు. చాలాసార్లు నిజమే. క్లచ్‌ను జార్చే మందు అందులో తక్కువ. కానీ మీ బండి పుస్తకం జాసో ఎంఏ, అంటే నూనెలో మునిగి ఉండే బైకు క్లచ్‌కు జపాన్ వాళ్లు పెట్టిన ప్రమాణం, అడుగుతుంటే, డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూశారా?

పిల్లలూ, భయపడకండి. ఒక్కసారి పోస్తే ఇంజన్ పోదు. కొండ మీద ఆయిల్ లైటు వెలిగి, దొరికింది లారీ ఆయిలే అయితే పోయండి. నూనె లేకుండా నడపడం దానికన్నా ఘోరం. పోశాక ఓనరుకు చెప్పండి. కిందికొచ్చాక మార్చండి. నేను చెప్పలేదు. రెండేళ్లు చెప్పలేదు.

అయ్యవారికి సగం డబ్బు నేను పెట్టుకున్నాను. ఆయన వద్దన్నారు, నేను వినలేదు. ఆ రోజు నుంచి నా షెడ్డులో లూజ్ ఆయిల్ లేదు. సీలున్న డబ్బా ఓనరు కళ్లెదుటే తెరుస్తాం. ఏ ఆయిల్, ఎంత, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశామో చీటీ రాసి బానెట్ కింద అంటిస్తాం. మీరూ ఆ పని రేపటి నుంచే మొదలుపెట్టండి. చీటీకి రూపాయి కూడా కాదు.

ఈ బల్ల మీద నాలుగు డబ్బాలు పెట్టించాను, రెండు లారీవి, రెండు కార్లవి. భోజనానికి పోయేముందు ఒక్కొక్కరు వచ్చి తిప్పి చదవండి. ఆ చివర్న నీలం చొక్కా వేసుకున్న అబ్బాయీ, ముందు నువ్వు రా. గట్టిగా చదువు, అందరికీ వినబడాలి.