40 వేలమంది వచ్చారట, ఫోను మాత్రం మోగలేదు

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు చిరు వ్యాపారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పట్టుచీరల కొట్లవాళ్లు, పచ్చళ్లు, అప్పడాలు అమ్ముకునే అమ్మలు ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి ముందు నా తప్పొకటి చెప్పుకుంటాను.

కొన్నేళ్ల కిందట మన ఊళ్లోనే ఒక చీరల కొట్టుకి వెబ్‌సైట్ చేసిపెట్టాను. నెల తిరిగేసరికి సర్వర్ (సైటు ఫైళ్లుండే కంప్యూటరు) రిపోర్టులో 40 వేల హిట్లు కనిపించాయి. సంబరపడిపోయి కొట్టుకి పరిగెత్తాను. "బాబాయ్, నెలలో 40 వేలమంది వచ్చారు" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఏటిరా, నలభైవేలమందొచ్చేరా? మరి ఫోను మూడుసార్లయినా మోగనేదేటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనకి బాకీపడ్డ జవాబు ఇవాళ మీకు చెబుతున్నాను.

సర్వర్ దగ్గర లాగ్ అని ఒక చిట్టా ఉంటుంది. మన గుమాస్తా రాసే చిట్టాలాంటిదే. ఏ ఐపీ అడ్రసు (నెట్‌లో మన ఫోనుకో కంప్యూటరుకో ఉండే నంబరు) నుంచి, ఎన్ని గంటలకి, ఏ ఫైలు అడిగారు, ఏ బ్రౌజరుతో అడిగారు అని ఒక్కోదానికి ఒక్కో వరుస రాస్తుంది. ఫైలు ఇస్తే పక్కన 200 వేస్తుంది, అలాంటి ఫైలే లేకపోతే 404 వేస్తుంది. ఆ వరుస ఒక్కొక్కటీ ఒక హిట్. చీరల పేజీ తెరిస్తే పేజీకి ఒకటి, అందులోని 35 ఫొటోలకి 35, డిజైను ఫైళ్లకి ఇంకో 4. ఒక్క మనిషి ఒక్క పేజీ చూస్తే 40 హిట్లు! అంటే మా 40 వేలు వెయ్యి పేజీలన్నమాట. అందులో గూగుల్, బింగ్ లాంటివాళ్లు పంపే బాట్లున్నాయి, అంటే మనుషులు కాదు, తమంతట తామే పేజీలు తిరిగే ప్రోగ్రాములు. అవి చాలాసార్లు ఫొటోల జోలికి పోకుండా పేజీ మాత్రమే పట్టుకుపోతాయి, కాబట్టి లెక్క ఇంత నున్నగా తేలదు, సుమారుగా చెబుతున్నాను. అవి పోగా నేనూ, బాబాయ్ కొడుకూ పూటకోసారి తెరిచి మురిసిపోయినవి తీసెయ్యండి. మిగిలింది మనిషికి నాలుగైదు పేజీల చొప్పున పంచితే వంద దాటడం కష్టం. వందమందిలో ఇద్దరు ఫోన్ చేశారంటే అది చిన్న విషయమేమీ కాదు. కొత్త సైటుకి నిజానికి సంతోషించాల్సిన లెక్క అదీ, మేం మురిసింది వేరేదానికి.

తర్వాత సైటుకొచ్చినవాళ్ల లెక్క చెప్పే గూగుల్ అనలిటిక్స్ పెట్టాం. 2005లో గూగుల్ ఉర్చిన్ అనే కంపెనీని కొని, ఆ ఏడాది నవంబరులో దీన్ని మొదలుపెట్టింది. ఇది సర్వర్ చిట్టా చూడదు. పేజీలో దాగిన చిన్న ప్రోగ్రాము (స్క్రిప్టు) బ్రౌజరు నుంచి కబురు పంపుతుంది. అందుకే ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు, కలవలేదని టెన్షన్ పడక్కర్లేదు. ఇందులో 'యూజర్' అన్నా మనిషి కాదు, బ్రౌజరు. ఫోన్లో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి చూస్తే మామూలుగా ఇద్దరు యూజర్లు. ఇంట్లో ముగ్గురూ ఒకే ఫోన్లో చూస్తే ఒక్కరే. 30 నిమిషాలు ఏమీ చేయకుండా వదిలేసి మళ్లీ వస్తే కొత్త సెషన్, అంటే కొత్త సందర్శన. చీర చూస్తూ చూస్తూ పప్పు మాడుతోందని వంటింట్లోకెళ్లిన అమ్మ తిరిగొస్తే రెండో సందర్శన.

మన సరిహద్దు ఊళ్లవాళ్లు జాగ్రత్తగా చూడాల్సినవి ఊరు, భాష అనే రెండు గడులు.

ఊరి గడిలో మాకు కోల్‌కతా పెద్దగా కనిపించేది. బెంగాలీలు మన చీరల కోసం ఎగబడుతున్నారనుకుని, అక్కడికి ప్రకటనలు కూడా ఇద్దామన్నాను. తీరా ఈ ఊళ్లోనే కూర్చుని నా ఫోన్‌తో తెరిస్తే ఒకరోజు భువనేశ్వర్, ఒకరోజు కోల్‌కతా అని పడింది. ఐపీ అడ్రసుని బట్టి వేసే అంచనా అది. మొబైల్ కంపెనీ నెట్‌వర్క్ ఏ ఊరి దగ్గర బయటపడితే ఆ ఊరు రాసేస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాకీ ఒక బరంపూర్ ఉంది, అక్కడా పట్టు ప్రసిద్ధమే. ఆ పట్టు కోసం వెతికినవాళ్లు కొందరు మన దగ్గరికొచ్చి, చూసి వెనక్కి పోయేవారు. ఇది తెలిసింది గూగుల్ సెర్చ్ కన్సోల్లో. జనం ఏ మాటలతో వెతికి మన సైటు చూశారో అందులో కనిపిస్తుంది. మన ఊరి పేరునే బెర్హంపూర్ అని కొందరు, బ్రహ్మపుర్ అని కొందరు, నోటికొచ్చిన స్పెల్లింగుతో ఇంకొందరు. నన్నడిగితే చిన్న కొట్టుకి మిగతా గ్రాఫులన్నిటికంటే ఈ ఒక్క పట్టికే విలువైనది.

ఇక భాష. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని మన బరంపురం ఇటు వచ్చింది. అంతకుముందు ఏ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎందరన్న లెక్క మీద ఇరువైపులవాళ్లూ గట్టిగా వాదించుకున్నారు. అనలిటిక్స్‌లో ఆ వాదన కూడా లేదు, ఫోన్ సెట్టింగు ఏదుంటే అదే భాష. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు, ఫోన్ ఇంగ్లీషులో పెట్టుకుంటారు. రిపోర్టులో అందరూ ఇంగ్లీషువాళ్లే! అది చూసి తెలుగు పేజీ తీసేద్దామనుకున్నాం. తీసేముందు ఏ పేజీ నుంచి వాట్సాప్ బటన్ ఎక్కువ నొక్కుతున్నారో చూస్తే, తెలుగు పేజీ నుంచే. బతికిపోయాం.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. అందులో పంపిన లింకు నొక్కి వచ్చినవాళ్లు చాలామటుకు 'డైరెక్ట్' కింద పడతారు, ఎక్కడినుంచి వచ్చారన్న గుర్తు ఉండదు కాబట్టి. లింకు ఎక్కడ పంచామో చెప్పే యూటీఎం అనే తోక దాని చివర తగిలిస్తే తెలుస్తుంది. ఆ మొదటి అక్షరం పాత ఉర్చిన్ పేరే.

అనలిటిక్స్ పాత పద్ధతిలో సమయం లెక్క ఇంకా విచిత్రం. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లిన తేడా చూసి లెక్కకట్టేవారు. ఒకే పేజీ పది నిమిషాలు చదివి వెళ్లిపోతే సున్నా. ఇప్పటి అనలిటిక్స్ అయిన జీఏ4లో 10 సెకన్లు దాటి ఉన్నా శ్రద్ధగా చూసినట్టే లెక్క. పది సెకన్లలో చీర అంచు కూడా చూడలేం, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి "పడిపోయారు" అని ఎర్ర బాణం చూపిస్తుంది. మన అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి. యాత్ర లేని ఏడాదిని ఉన్న ఏడాదితో పోలిస్తే ఎర్ర బాణం రాక ఏమొస్తుంది? రెండేళ్ల కిందటి నెల పక్కన పెట్టి చూడండి.

బాబాయ్ ఇప్పుడు గల్లా పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ "మా కొట్టు మీకెలా తెలిసిందమ్మా?" అని అడిగి రాసుకుంటారు. ఆయన ఒప్పుకుని పోయిన నెల నోటుబుక్కు పేజీలూ, సైటు లాగ్ చిట్టా రెండూ ఇచ్చారు, పేర్లు, నంబర్లు కొట్టేసి తెచ్చాను. వెనక లైట్లు ఆపండి బాబూ, తెర మీద పక్కపక్కన పెట్టి చూద్దాం.