అరియలూరులో సముద్రం

సభలో ఉన్న పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

చెన్నైలో ఉంటున్న మనకు మ్యూజియం అంటే ఎగ్మోరే. 1851లో మొదలైన మ్యూజియం అది. అమరావతి శిల్పాలు అక్కడే ఉన్నాయి కాబట్టి, ఊరి నుంచి చుట్టాలొస్తే వాళ్ళని తప్పకుండా తీసుకెళ్తాం. పిల్లలైతే తిమింగలం అస్థిపంజరం దగ్గర నుంచి కదలరు. నాకూ ఎగ్మోర్ అంటే ఇష్టమే. కానీ ఈ సాయంత్రం ఇంకో చోటి గురించి చెప్తాను. ఎగ్మోర్ స్టేషన్‌లో తిరుచ్చి వైపు వెళ్ళే రైలెక్కితే నాలుగైదు గంటల్లో అరియలూరులో దిగొచ్చు. ఆ ఊరి దగ్గర వారణవాసి అనే పల్లెలో శిలాజాల మ్యూజియం ఉంది. దసరా సెలవుల్లో మన సంఘంలోని కొన్ని కుటుంబాలం కలిసి వెళ్ళొచ్చాం.

అరియలూరంటే సిమెంటు. రోడ్డు మీద లారీలు, దూరంగా ఫ్యాక్టరీ గొట్టాలు, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికే ఎందుకొచ్చాయంటే సున్నపురాయి కోసం. సున్నపురాయి అక్కడే ఎందుకుందంటే, ఒకప్పుడు అదంతా సముద్రం. భారతదేశం దక్షిణ ఖండాల నుంచి విడిపోయాక తూర్పు అంచున సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. సుమారు పదకొండు కోట్ల ఏళ్ళ క్రితం నుంచి ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం దాకా, ముందుకొస్తూ వెనక్కి పోతూ, అక్కడ పొర మీద పొర పేర్చింది. ఆ నీళ్ళలో బతికిన జీవుల గుల్లలే చాలావరకు ఆ సున్నం. మన ఫ్లాట్ల గోడల్లో కూడా ఆ సముద్రం కొంత ఉండే ఉంటుంది.

మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది అమ్మోనైట్ల ముందు. కాశిమేడు చేపల రేవులో అమ్మే స్క్విడ్‌కు ఇది పాత చుట్టం. గుండ్రంగా చుట్టుకున్న గుల్ల, లోపల అడ్డుగోడలతో వరసగా గదులు. జీవి ఉండేది అన్నిటికంటే బయటి గదిలోనే. వెనకాల గదుల్లో గాలి నింపుకుని నీళ్ళలో తేలేది. పెరిగేకొద్దీ ముందుకు జరిగి వెనక కొత్త గోడ కట్టుకునేది. పై పెంకు ఊడిపోయిన రాయిని వంగి చూస్తే, ఆ అడ్డుగోడలు గుల్లను తాకిన చోట సన్నటి గీతలు కనిపిస్తాయి. మెలికల ముగ్గులా ఒక గీతలోంచి ఇంకో మెలిక, దాంట్లోంచి మరో చిన్న మెలిక. ఒక్కో జాతికి ఒక్కో రకం గీత. వాటిని చూసే శాస్త్రవేత్తలు జాతిని గుర్తుపడతారు, ఆ రాయి ఏ కాలానిదో చెప్తారు.

మాతో వచ్చిన ఒక పెద్దావిడ ఆ చుట్టలు చూడగానే, "ఇది సాలగ్రామం కదండీ!" అన్నారు. నిజమే. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో మనం చక్రం అని దణ్ణం పెట్టుకునేది అమ్మోనైట్ గుర్తునే. అవి అరియలూరు వాటికంటే ఇంకా పాతవి, హిమాలయాలు పుట్టకముందు అక్కడున్న సముద్రంలోవి. ఆవిడ ఇంట్లో మామగారి నాటి సాలగ్రామం ఉందట. అది ఒకప్పుడు ప్రాణమున్న జీవి అని తెలిశాక దాని మీద భక్తి ఇంకా పెరిగిందని తిరుగు ప్రయాణంలో చెప్పారు. నాకా మాట చాలా నచ్చింది.

ఈ రాళ్ళకు పెద్ద చరిత్రే ఉంది. 1840ల్లోనే ఇక్కడి శిలాజాలు లండన్ చేరాయి. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1846లో వాటిని వర్ణించాడు. తర్వాత మన దేశపు జియలాజికల్ సర్వేలో, అంటే ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థలో, పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా వీటి మీద నాలుగు పెద్ద సంపుటాలు రాశాడు. ఆయన 1874లో మధ్య ఆసియాలోని యార్కండ్ యాత్ర నుంచి తిరిగొస్తూ లద్దాఖ్ కొండల్లో చనిపోయాడు. సమాధి లేహ్‌లో ఉంది. ఎక్కడో మధ్య ఐరోపాలో పుట్టి మన ఎర్రటి ఎండలో దొరికిన గుల్లలకు పేర్లు పెట్టాడు. ఆ పేర్లు మన పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. అరియలూరు ప్రాంతంలోనే కళ్ళమేడు అనే ఊరుంది. అక్కడ దొరికిన డైనోసార్ ఎముకలను 1980ల చివర పి. యాదగిరి, కె. అయ్యాస్వామి అనే భూగర్భ శాస్త్రవేత్తలు వర్ణించారు. కాలి ఎముక ఒక్కటే రెండు మీటర్లు. బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. లోకంలో అతి పెద్ద జంతువుల్లో అదొకటి కావచ్చు. కావచ్చు అనే అనాలి, ఎందుకంటే ఆ ఎముకలు ఇప్పుడు లేవు. అసలే గుల్లబారిన ఎముకలు, వానలకు పొడైపోయాయి. మిగిలింది బొమ్మలు, కొన్ని ఫోటోలు. అదే యాదగిరి గారు మన గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్‌ను కూడా వర్ణించారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఇవాళ్టికీ చూడొచ్చు. ఒకదానికి కప్పు కింద చోటు దొరికింది, ఇంకోదానికి దొరకలేదు. తేడా అంతే. తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకే తవ్విన చోటికి దగ్గర్లో, తాళం వేయగల ఒక గది ఉండాలంటాను. క్వారీలో జేసీబీ తిప్పే అబ్బాయికి వింత రాయి కనిపిస్తే, చెన్నైకో కలకత్తాకో పంపాలంటే పంపడు. క్రషర్‌లోకి పోతుంది. పక్క ఊళ్ళోనే ఇచ్చే చోటుంటే సైకిల్ మీద పట్టుకెళ్ళి ఇస్తాడు. 2020లో పెరంబలూరు దగ్గర కున్నంలో చెరువు తవ్వుతుంటే గుండ్రటి రాళ్ళు బయటపడ్డాయి, డైనోసార్ గుడ్లని ఫోన్లన్నీ మోగిపోయాయి. అవి గుడ్లు కావని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పాల్సి వచ్చింది. అలాంటి రాళ్ళనూ అమ్మోనైట్లనూ పక్కపక్కన చూసిన పిల్లలున్న ఊళ్ళో ఆ పుకారు అంత తొందరగా పాకదు.

అక్కడి నుంచి సాత్తనూరు కూడా వెళ్ళండి. పద్దెనిమిది మీటర్ల చెట్టు మాను రాయై, పడిన చోటే పడుంది. సుమారు పన్నెండు కోట్ల ఏళ్ళ నాటిది. 1940లో భూగర్భ శాస్త్రవేత్త ఎం.ఎస్. కృష్ణన్ దాని సంగతి లోకానికి చెప్పారు. చుట్టూ కంచె ఉంది. చిన్న ముక్క కూడా తీసుకోకండి, పిల్లల్నీ తీసుకోనివ్వకండి.

ఈ సభలో రాజమండ్రి వాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి మీతో ఒక మాట. అమ్మోనైట్లూ డైనోసార్లూ అంతరించింది సుమారు ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళ క్రితం. ఆ ఘట్టాన్ని చదవడానికి ప్రపంచంలో ఉన్న ముఖ్యమైన చోట్లలో మన గోదావరి ఒడ్డు ఒకటి. దక్కన్ పీఠభూమిలో అగ్నిపర్వతాల నుంచి పొంగిన లావా పారి పారి రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి, దుద్దుకూరు వైపు నల్లరాయి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు గుల్లలున్న పొర ఉంది. అందులో కంటికి ఆనని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు, ఆ వినాశనం జరిగిన కొద్ది కాలానికే సముద్రంలో మళ్ళీ జీవం ఎలా పుంజుకుందో చూపిస్తాయి. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం 2008లో వీటి మీద పరిశోధన ప్రచురించింది. అరియలూరు కథ ఆగిన దగ్గర కాతేరు కథ మొదలవుతుంది. మనం మాత్రం ఆ రాయిని కంకరగానే చూస్తున్నాం.

కాతేరు చుట్టుపక్కల ఏదైనా హైస్కూల్లో ఒక గది, నాలుగు గాజు బీరువాలు, ప్రతి రాయి పక్కన అది ఏ క్వారీలో, ఏ పొరలో, ఎప్పుడు దొరికిందో తెలుగులో రాసిన చీటీ. ఇంతే అడుగుతూ ఒక ఉత్తరం రాసి తెచ్చాను. టీ దగ్గర బల్ల మీద పెట్టాను. ఆ వైపు క్వారీల్లో తెలిసినవాళ్ళున్నా, స్కూల్లో మాస్టర్లు తెలిసినా, వాళ్ళ పేర్లు వెనక కాగితం మీద రాయండి. ఉత్తరంలో ఏమైనా మార్చాలనిపిస్తే పెన్సిలుతో అక్కడే దిద్దేయండి. ఈ నెలాఖరులోగా పంపిద్దాం.